పడుకోవడానికే అయితే విమానం ఎక్కడం దేనికి?

"పని మీద వెళ్తున్నారు, ఊరు చూడ్డానికి కాదు కదా! రాత్రి పడుకోవడానికి ఒక మంచం చాలు. దానికి నడిబొడ్డున హోటలెందుకు?" హైదరాబాద్‌లో ఏ కంపెనీలోనైనా విదేశీ ప్రయాణం ఖరారైన రోజు నుంచి వినపడే మాట ఇది. ట్రావెల్ డెస్క్‌వాళ్ళు అంటారు, ఫైనాన్స్‌వాళ్ళు అంటారు, ఆఖరికి వెళ్ళేవాడే అంటాడు, తనెంత పొదుపరో నలుగురికీ తెలియాలని. వినడానికి ఇందులో లెక్క ఉన్నట్టు, నిగ్రహం ఉన్నట్టు, కొంచెం నీతి కూడా ఉన్నట్టు ఉంటుంది. వెతికితే ఆ మూడింట్లో ఒక్కటీ దొరకదు. ఊరి మధ్య హోటల్ విలాసం, ఊరవతల హోటల్ పొదుపు అని స్థిరపడిపోయిన ఈ అభిప్రాయం చాలామటుకు తప్పు. చేతిలో కారు లేకుండా, అక్కడి భాష రాకుండా, తిండి దగ్గర సవాలక్ష పట్టింపులతో మూడు నాలుగు రోజుల పనికి దిగే మనవాళ్ళ విషయంలోనైతే పూర్తిగా తప్పు.

మాట గాల్లో తేలకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. మందుల పరిశ్రమలో ఉన్నవాళ్ళకు సీపీహెచ్‌ఐ గురించి చెప్పక్కర్లేదు. ఏటా అక్టోబరు ప్రాంతంలో యూరప్‌లో ఏదో ఒక నగరంలో మూడు రోజులు జరిగే పెద్ద సంత. 2022లో ఫ్రాంక్‌ఫర్ట్, 2023లో బార్సిలోనా, 2024లో మిలాన్, 2025లో మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో బల్క్ డ్రగ్స్ చేసే కంపెనీల నుంచి మార్కెటింగ్‌వాళ్ళూ, రెగ్యులేటరీవాళ్ళూ, యజమానులూ బయల్దేరతారు. స్టాల్ అద్దె చదరపు మీటర్ల లెక్కన యూరోల్లో కడతారు. షెంజెన్ వీసాలు, విమానం టికెట్లు, బ్రోషర్లు, స్టాల్ అలంకరణ, వచ్చినవాళ్ళకు కాఫీలు, బహుమతులు. ఇంత ఖర్చూ నోరెత్తకుండా భరించిన కంపెనీకి హోటల్ దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా పొదుపు గుర్తొస్తుంది. మనిషిని తీసుకెళ్ళి ఆటోబాన్ హైవే పక్కన, చుట్టూ పార్కింగ్ తప్ప ఇంకేమీ లేని చోట దించుతారు.

అసలా మనిషి ఎందుకు వెళ్ళినట్టు? క్వాలిటీ పత్రాలు మెయిల్లో వెళ్తాయి. ధర ఫోన్లో తేలుతుంది. ఫ్యాక్టరీ ఆడిట్లు కూడా వీడియోలో జరిగిన రోజులు 2020 తర్వాత చూశాం. ఇన్ని దారులుండగా లక్షలు పోసి మనిషిని పంపడానికి కారణం ఒక్కటే: ఎదురుగా కూర్చుంటేగానీ కుదరని నమ్మకం ఒకటుంది. అది స్టాల్ దగ్గర కుదరదు. అక్కడ మీటింగు అరగంట, ఆ పక్కనే ఇంకో ఇద్దరు వాచీ చూసుకుంటూ నిలబడి ఉంటారు. హాళ్ళు మూసేశాకే అసలు మాటలు మొదలవుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనైతే పోర్చుగల్ నుంచి వచ్చిన కొనుగోలుదారు "ఏడున్నరకు ఆల్టె ఓపర్ (పాత ఒపెరా భవనం) దగ్గర కలుద్దాం" అంటాడు. లేదంటే నది దాటి జాక్సెన్‌హౌజెన్‌లో ఆపిల్ వైన్ అమ్మే పాత దుకాణాల్లో బల్లల దగ్గర చేరతారు. పాత సరఫరాదారు మీద అసంతృప్తి, వచ్చే ఏడాది కొనబోయే పరిమాణం, ఎవరి దగ్గర నిర్ణయం ఆగి ఉందీ, ఇలాంటివన్నీ అక్కడ బయటపడతాయి. ఊరవతల దిగినవాడు ఆ బల్ల దగ్గర కూర్చున్నా మనసంతా ఆఖరి రైలు మీదే. తొమ్మిదింటికే లేస్తాడు. మగపెళ్ళివారికి ఊరి చివర విడిది ఇచ్చి, ముహూర్తానికి మాత్రం మంటపంలో ముందు వరసలో ఉండాలన్నట్టుంది ఈ ఏర్పాటు.

ఇక డబ్బు. రాత్రికి నలభై యూరోల తేడా వస్తుందనుకుందాం. నాలుగు రాత్రులకు నూట అరవై. ట్రావెల్ డెస్క్ నెల నివేదికలో ఈ నూట అరవై 'ఆదా' పేరుతో మెరిసిపోతుంది. మొదటి రోజు నమూనాల పెట్టెతో టాక్సీ, రెండో రోజు రాత్రి రైలు తప్పిపోతే టాక్సీ, మూడో రోజు వానకు టాక్సీ. ఇవి 'లోకల్ కన్వేయన్స్' పద్దులోకి పోతాయి, కాబట్టి హోటల్ పద్దు చూసేవాళ్ళకు కనపడవు. చుట్టుపక్కల తినడానికి ఏమీ లేక హోటల్ రెస్టారెంట్‌లోనే తిన్న భోజనం రోజుకింతని ఇచ్చే పర్ డియెమ్‌లోంచి, అంటే వెళ్ళినవాడి జేబులోంచి పోతుంది. అదీ లేకపోతే ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పొడి, కప్పు నూడుల్స్, గదిలోని కెటిల్. యూరప్ హోటళ్ళలో ఆ కెటిలూ అన్ని చోట్లా ఉండదు. కంపెనీ ఖర్చు తగ్గిందంటున్నది నిజానికి ఉద్యోగి కడుపు మీదికీ కాళ్ళ మీదికీ మళ్ళిన ఖర్చు. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు జరిపినదాన్ని పొదుపు అని రాస్తే ఏ ఆడిటరైనా ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం అందరూ ఊరుకుంటున్నారు.

వ్యాపారం కోసం వెళ్ళినవాడు ఊరి అంచున ఉండాలన్న ఆలోచనకు పెద్ద వయసు లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు వచ్చేవాళ్ళందరికీ రక్షణ కల్పిస్తూ రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి 1240లో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తర్వాత శతాబ్దాల పాటు సంత జరిగింది పాత ఊరి మధ్యలోనే. న్యూరెంబర్గ్ వర్తకులు సరుకుతో సహా దిగే న్యూర్న్‌బెర్గర్ హోఫ్ కూడా ఆ పాత ఊళ్ళోనే ఉండేది. వెనిస్‌లో జర్మన్ వర్తకుల బసకు కేటాయించిన ఫోండాకో దెయి తెదెస్కి సరిగ్గా రియాల్తో వంతెన పక్కన ఉంది, ఎందుకంటే బేరాలన్నీ రియాల్తోలో జరిగేవి. అంత దూరం ఎందుకు, బేరానికి మద్రాసు వెళ్ళిన గుంటూరు వ్యాపారి సెంట్రల్ స్టేషన్‌కూ జార్జిటౌన్‌కూ దగ్గర్లోనే దిగేవాడు. విజయవాడలో లాడ్జీలన్నీ రైల్వే స్టేషన్ చుట్టూ, గాంధీనగర్‌లో ఎందుకు లేచాయి? పని మీద ఊరికి వచ్చినవాడికి ఎక్కడ ఉండాలో ఎవరూ పాలసీ రాసి చెప్పనవసరం లేకపోయింది.

అమెరికాలోనూ అంతే. సేల్స్‌మన్లను దృష్టిలో పెట్టుకుని ఎల్స్‌వర్త్ స్టాట్లర్ 1908లో బఫెలోలో కట్టిన హోటల్ ఊరి మధ్యలోనే ఉండేది. ప్రతి గదికీ సొంత స్నానాల గది, సామాన్యుడికి అందే ధర. మరి రోడ్డు పక్క హోటళ్ళు ఎవరి కోసం వచ్చాయి? 1951లో భార్యాపిల్లలతో కారులో విహారానికి వెళ్ళి, దారిలో దొరికిన గదులతో విసిగిపోయిన కెమ్మన్స్ విల్సన్ అనే ఆయన 1952లో మెంఫిస్ రహదారి మీద మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. అది కారున్న కుటుంబం కోసం పుట్టిన వసతి. గుమ్మం ముందు కారు ఉంటే అది మంచి వసతే, కాదనను. అక్కడి లైసెన్సు లేని, కుడివైపు డ్రైవింగ్ అలవాటు లేని హైదరాబాద్ మార్కెటింగ్ మేనేజర్ని ఒంటరిగా అందులో పెట్టి పొదుపు చేశామనడమే విచిత్రం. ఊరి అంచు హోటల్ లెక్కలో కారు ముందే కలిసి ఉంది. మనం ఆ కారును తీసేసి, ధరను మాత్రం పట్టుకున్నాం.

కారు లేనివాడి ప్రపంచం ఎంత దూరం నడవగలడో అంత. ఫ్రాంక్‌ఫర్ట్‌నే చూడండి. విమానాశ్రయం కింద నుంచే ఎస్-బాన్ రైళ్ళున్నాయి. ఎస్8 గానీ ఎస్9 గానీ ఎక్కితే పావుగంటలో ప్రధాన స్టేషన్, టికెట్టు ఆరేడు యూరోలు. సంత జరిగే మెస్సె అక్కడికి మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం, సామాను లేకపోతే నడిచి పావుగంట. మన రాత్రి విమానాలు చాలామటుకు అక్కడ పొద్దున్నే దిగుతాయి. హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో. ఊళ్ళో దిగినవాడు రిసెప్షన్‌లో పెట్టె పడేసి, క్లైన్‌మార్క్ట్‌హాలెలో నాలుగు పళ్ళు కొనుక్కుని, నది ఒడ్డున నడిచి, ఫోన్‌కు సిమ్ వేయించుకుని, స్టాల్ ఎలా వచ్చిందో ఒకసారి చూసి వస్తాడు. బిజినెస్ పార్క్‌లో దిగినవాడు లాబీ సోఫాలో మెడ వాల్చేసి కునుకు తీస్తాడు. ఇద్దరిలో మర్నాడు ఎవరు బాగా మాట్లాడతారో ఊహించడం కష్టమేమీ కాదు.

గడియారం సంగతీ ఉంది. జర్మనీ మనకంటే మూడున్నర గంటలు వెనక, అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు మార్చాక నాలుగున్నర. సాయంత్రం ఏడయ్యేసరికి మన ఒంటికి అది పదిన్నర, పదకొండున్నర. ఆ సమయంలో గదిలో మంచానికి ఎదురుగా కూర్చుంటే నిద్ర ఖాయం, రాత్రి రెండింటికి మెలకువా ఖాయం. జనంలో, దీపాల వెలుగులో, మాటల్లో పదింటిదాకా నెట్టుకొస్తే రెండో రోజుకే ఒళ్ళు దారికొస్తుంది. పడుకోవడానికేగా అంటున్నవాళ్ళు కనీసం ఆ పడుకోవడం గురించైనా ఆలోచించాలి.

ఆదివారం దిగితే ఇంకో పాఠం. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, చట్టమే అంత. పెద్ద స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ఉన్నవాటికి మినహాయింపు. మంగళవారం మొదలయ్యే సంతకు స్టాల్ సర్దడానికి ఆదివారమే చేరిన కుర్రాడికి ఊరి అంచున పాల ప్యాకెట్టు కూడా దొరకదు. జ్వరమొస్తే మరీ ఇబ్బంది. అక్కడ పారాసిటమాల్ కిరాణా కొట్లలో అమ్మరు, మందుల షాపులోనే కొనాలి, ఆదివారాలు వంతుల వారీగా కొన్ని షాపులే తెరిచి ఉంటాయి. టన్నుల లెక్కన పారాసిటమాల్ అమ్మడానికి వచ్చినవాడు రెండు బిళ్ళల కోసం టాక్సీ పిలవాల్సి వస్తుంది!

పని కోసమే కట్టిన పేట ఎలా ఉంటుందో ఫ్రాంక్‌ఫర్ట్ ఊరే ఒకసారి ప్రయోగం చేసి చూసింది. విమానాశ్రయానికీ నగరానికీ మధ్య నీడెర్‌రాడ్‌లో 1960ల నుంచి 'ఆఫీసుల ఊరు' ఒకటి కట్టారు. పగలు ఉద్యోగులు, సాయంత్రానికి శూన్యం. కాలక్రమంలో ఆ ఆఫీసులూ ఖాళీ అవుతుంటే వాటిని ఇళ్ళుగా మార్చి, లియోనర్ క్వార్టియర్ అని పేరు కూడా మార్చుకున్నారు. పనొక్కటే ఉన్న చోట మనుషులు నిలవరని ఫ్రాంక్‌ఫర్ట్‌వాళ్ళు ఒప్పుకుని దిద్దుకుంటున్న కాలంలో, మన పాలసీలు మనవాళ్ళను సరిగ్గా అలాంటి చోట్లకే పంపుతున్నాయి.

ఎదుటివాళ్ళ వాదనల్లో బలమున్నవీ ఉన్నాయి. సంత వారంలో ఫ్రాంక్‌ఫర్ట్ నడిబొడ్డున ధరలు మామూలు రోజులకు రెండు మూడు రెట్లు పెరుగుతాయి, ఇది నిజం. దానికి జవాబు ఆటోబాన్ మాత్రం కాదు, పక్క ఊరి నడిబొడ్డు. ఎస్8 రైలు వీస్‌బాడెన్, మైంజ్ నుంచి బయల్దేరి విమానాశ్రయం మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ వస్తుంది. మైంజ్‌లో స్టేషన్‌కూ పాత ఊరికీ మధ్య ఎక్కడ దిగినా రైలూ దగ్గరే, తిండీ దగ్గరే, రాత్రి పదకొండింటికీ వీధిలో మనుషులుంటారు. డార్మ్‌స్టాట్ సంగతీ దాదాపు అంతే. మిలాన్‌కు వేరే మెలిక ఉంది. అక్కడ సంత జరిగే ఫియెరా 2005 నుంచి రో అనే శివారు ఊళ్ళో ఉంది. అయితే రోలోనే దిగాలని మనవాళ్ళ లెక్క. మెట్రో ఎర్ర లైనుకు ఒక చివర రో ఫియెరా, మధ్యలో ఊరి నడిబొడ్డైన దువోమో, అరగంట ప్రయాణం. సాయంత్రం సంత సంతంతా ఆ రైలెక్కి ఊళ్ళోకి వెళ్ళిపోతుంది. రోలో దిగినవాడు వాళ్ళకు ఎదురు దిశలో నడుస్తాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్ ముందరి పేట మంచిది కాదంటారు. ఆ మాటా నిజమే. బాన్‌హోఫ్స్‌ఫీర్టెల్ అనే ఆ పేటలో మత్తుమందుల వాడకం, వేశ్యాగృహాలు బాహాటం. కొన్ని వీధుల్లో రాత్రిపూట నడవాలంటే మగవాళ్ళూ జంకుతారు. అదే పేటలో మ్యూన్షనర్ స్ట్రాసె మీద కొత్తిమీరా పచ్చిమిర్చీ దొరికే ఆసియా కొట్లూ, టర్కీవాళ్ళ రొట్టెల దుకాణాలూ, కైజర్ స్ట్రాసె మీద భారతీయ భోజనమూ ఉన్నాయి. పగలు అక్కడ తిని, రాత్రి బసకు వెస్టెండ్ వైపో, మెస్సె వైపో, నది అవతలో చూసుకోవచ్చు. నడిబొడ్డు అంటే స్టేషన్ ఎదుటి నాలుగు వీధులే అనుకుని ఊరంతటినీ కొట్టేయడం సోమరితనం.

ఆడవాళ్ళ భద్రత పేరు చెప్పి శివారు హోటల్ ఇవ్వడం ఇంకా విడ్డూరం. రాత్రి పదింటికి శివారు స్టేషన్‌లో ఒక్కతే దిగి, ఒక పక్క గోడౌన్లు, ఇంకో పక్క హైవే కంచె ఉన్న దారిలో పదిహేను నిమిషాలు నడవడం భద్రతా? తెరిచిన దుకాణాలూ, ట్రామ్ కోసం నిలబడ్డ జనమూ ఉన్న వీధిలో అయిదు నిమిషాలు నడవడం భద్రతా? ఆ దారిన వెళ్ళొచ్చిన సహోద్యోగినిని ఎవరినైనా అడిగి పాలసీ రాస్తే బాగుండేది.

సెంటర్ అంటే స్టార్ హోటల్ అనుకోవడం వల్ల కూడా ఈ గందరగోళం పెరిగింది. జపాన్‌లో కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు దిగే 'బిజినెస్ హోటళ్ళు' ఎక్కువగా స్టేషన్ల పక్కనే ఉంటాయి. గది మన పూజ గది కంటే కాస్తే పెద్దదైనా, అన్నీ అమరి ఉంటాయి. గది కొలతల్లో పిసినారితనం, ఉండే చోటులో ఉదారత వాళ్ళ లెక్క. మనది దానికి తలకిందులు: రెండు మంచాలు, సోఫా, స్విమ్మింగ్ పూల్ ఉన్న గదిని ఎవరూ లేని చోట ఇస్తాం. లండన్ నడిమధ్య ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో ఇండియన్ వైఎంసీఏ ఉంది, మన భోజనం కూడా పెడతారు. అక్కడి నుంచి కాస్త నడిస్తే యూస్టన్ స్టేషన్ వెనక డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహార భోజనశాలలున్నాయి. ఇందులో జల్సా ఎక్కడుంది?

జల్సా అన్న అనుమానమే ఈ వాదన అడుగున ఉన్న అసలు సరుకు అని నా ఉద్దేశం. పని మీద వెళ్ళినవాడు పొరపాటున సంతోషపడతాడేమో, కంపెనీ డబ్బుతో ఒక చర్చి గోపురమో, నది మీద వంతెనో చూసేస్తాడేమో అని బెంగ. చూస్తే ఏం? మర్నాడు కొనుగోలుదారుతో మాట కలపడానికి ఆ వంతెనే పనికొస్తుంది. ఏళ్ళ తరబడి జర్మనీకి సరుకు పంపుతూ, జర్మనీలో విమానాశ్రయమూ ఎగ్జిబిషన్ హాలూ తప్ప ఏమీ చూడనివాళ్ళు మన పరిశ్రమలో తక్కువ లేరు. దాన్ని వాళ్ళు గొప్పగా చెప్పుకోవడం చూస్తే జాలేస్తుంది.

ఈ వాదనను అన్ని చోట్లకూ సాగదీయను. లుడ్విగ్స్‌హాఫెన్ లాంటి చోట ప్లాంటులో నెలల తరబడి యంత్రాలు బిగించే ఇంజినీరు ప్లాంటుకు దగ్గర్లోనే ఉండాలి, గదిలో వంటిల్లుంటే ఇంకా మేలు. డాలస్‌లో క్లయింటు ప్లేనోలో ఉంటే డౌన్‌టౌన్‌లో దిగడం తెలివితక్కువ. అక్కడ సాయంత్రమయ్యాక మనుషులుండేది శివార్లలోనే, ఫ్రిస్కో, అర్వింగ్ వైపు మన పప్పూ పచ్చళ్ళూ దొరికేదీ అక్కడే. అలాంటప్పుడు కంపెనీ కారు కూడా అద్దెకు తీసి ఇవ్వాలి. కారివ్వకుండా ప్లేనోలో దించడం, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆటోబాన్ పక్కన దించడం లాంటిదే.

మిగిలిందల్లా ట్రావెల్ పాలసీలో గ్రేడుల పట్టిక. పడుకోవడానికేగా అనే సూత్రం ఆ పట్టికలో అందరికీ ఒకేలా వర్తించదు. డైరెక్టరు గారికి ఊరి మధ్య నది కనపడే గది, ఆయన కోసం కారూ డ్రైవరూ. వైస్ ప్రెసిడెంటుకు మెస్సె పక్కన. నమూనాల పెట్టె మోసుకుంటూ పొద్దున్నే స్టాల్ తెరవాల్సిన, రాత్రి అందరూ వెళ్ళాక విజిటింగ్ కార్డులు సర్ది మెయిళ్ళు రాయాల్సిన, మొదటిసారి దేశం దాటిన కుర్రాడికి మాత్రం పాతిక కిలోమీటర్ల అవతల. దగ్గర అవసరమైనవాడికి దూరం, కారున్నవాడికి దగ్గర. ఊరవతల బస నిజంగా అంత చాలినదే అయితే వచ్చే సంతకు పట్టికను తిరగేసి చూడండి. డైరెక్టరు గారిని ఆటోబాన్ పక్కన దించి, కుర్రాడిని మెస్సెకు నడిచే దూరంలో పెట్టండి. ఖర్చులో పెద్ద తేడా రాదు, కారు ఎటూ ఉంది కాబట్టి ఆయనకు ఇబ్బందీ ఉండదు. పడుకోవడానికేగా!